అర టన్ను కప్పీ

"ఎన్ని టన్నులది కావాలమ్మా?"

నెల్లూరు ట్రంకురోడ్డులో ఇనపసామాను కొట్టు పెట్టుకున్న చెంగయ్య ఆ మాట అడిగి, రెబెక్కమ్మ వైపు అనుమానంగా చూశాడు. మోటారు షెడ్డుకు సామాను కొనడానికి ఆడమనిషి ఒంటరిగా రావడం ఆయన ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఇదే మొదలు.

"ముందు చూడనియ్యన్నా" అంది ఆమె.

చెంగయ్య వరసగా తీసి పెట్టాడు. మర తిప్పే జాకీ. మద్రాసు నుంచి కొత్తగా దిగిన ఆయిలు జాకీ. చివర్న, దూలానికి వేలాడగట్టే గొలుసు కప్పీ.

జాకీల వైపు ఆమె కన్నెత్తి చూడలేదు. ఎట్లా చూస్తుంది? నిరుడు తుఫాను రోజుల్లో మనుబోలు దగ్గర రోడ్డు మీద ఒక లారీ ఆగిపోయింది. ఆమె మొగుడు, మెకానిక్కు సమాధానం, దాని కింద దూరి పని చేస్తుంటే, నానిన మట్టిలో జాకీ ఒరిగింది. ప్రాణం దక్కింది.

మూడు నెలలు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. ఆ తర్వాత ఏ బండి కిందికీ పోలేదు. ఇంటి పక్కనే ఉన్న తన షెడ్డు కనపడకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. చప్పుడు వినే ఇంజను జబ్బు చెప్పే మనిషి, రోడ్డు మీద బండి పోతే చెవుల మీదికి దుప్పటి లాక్కునేవాడు.

పోయిన వారం ఊళ్ళో ఆసామి జయరామయ్య కబురు పెట్టాడు. ఆయనకు ఒక కారు, రెండు ట్రాక్టర్లు. "సోమవారం కారు తెస్తా. మునపటి మాదిరి కిందికి దిగి చూస్తే నా బండ్లన్నీ నీకే. లేదంటే ఇంక నెల్లూరికే."

కబురు వచ్చిన మూడో రోజు సమాధానం పెళ్ళాన్ని పిలిచాడు.

"కప్పీ ఒకటి తీసుకరా. రెండో మనిషి చెయ్యి పడకుండా నేనొక్కణ్ణే లాక్కునేటట్టుగా ఉండాల. లేదంటే వద్దు."

ఏడాదిలో ఆయన నోట వచ్చిన పొడుగాటి మాట అదే. రెబెక్కమ్మ పాడిబర్రెను అమ్మి బస్సెక్కింది.

"ఇది యాడ ఆపితే ఆడ నిలబడుద్దా అన్నా?" కప్పీ పట్టుకుని అడిగింది.

"కదల్దు."

"దించేటప్పుడు కుదుపు ఉంటదా?"

చెంగయ్య పకపకా నవ్వాడు. "కుదిపితే కారుకి నొప్పి పుడతాదా తల్లీ?"

ఆమె నవ్వలేదు. కొట్లో వేలాడగట్టిన కప్పీకి మేకుల సంచి తగిలించి, గొలుసు తానే లాగింది. పది సార్లు ఎత్తింది. పది సార్లు దించింది. అరచేతులు ఎర్రగా కందాయి.

"సరే, రెండు టన్నులది కట్టమంటావా?"

"అర టన్నుది చాలు."

"అర టన్నా! అది బియ్యం మూటలెత్తేదమ్మా. కారుకి తగిలిస్తే తెగి, కింద ఉండే మనిషి మీద పడతాది. మీ ఆయన్ని పంపించు. ఆయనతో మాట్లాడతా."

"ఆయన రాడన్నా. అర టన్నుదే ఇయ్యి."

చెంగయ్య నుదురు కొట్టుకుని మూట కట్టాడు. పాపం, తన సరుకు ఒకరి ప్రాణం మీదికి తెస్తుందని ఆ రోజంతా ఆయనకు అన్నం సహించి ఉండదు.

షెడ్డు తాటి దూలానికి కప్పీ ఎక్కింది. లోపల బండి కింద మనిషి నిలబడి పని చేసేంత లోతు గొయ్యి ఉంది. దాన్ని రెబెక్కమ్మ తట్టలతో ఇసక మోసి సగానికి పూడ్చింది. కప్పీ వచ్చాక గొయ్యితో పనేముందిలే అనుకున్నారు చూసినవాళ్ళు. ఆదివారం చర్చిలో అందరూ లేచాక కూడా ఆమె మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఆయన్ని రేపు కిందికి దిగనియ్యి ప్రభువా. అదొక్కటే అడిగింది.

సోమవారం పొద్దున జయరామయ్య తానే కారు తోలుకొచ్చాడు. రెబెక్కమ్మ ఎదురు వెళ్ళి, గొయ్యి చివర నాలుగడుగులు వదిలి దాని మీద కారు ఆపించింది. ఆయన దిగి కప్పీని చూశాడు. చూడగానే మొహం మాడిపోయింది.

"ఈ బొమ్మ కొక్కేనికి నా కారు తగిలిస్తారా? దూలంతో సహా కూలతాది. ఒకసారి జరిగింది చాలదా రెబెక్కా?"

ఆమె గొయ్యి చివర వదిలిన ఖాళీ వైపు చెయ్యి చూపింది.

"కారుకి తగిలించేది లేదయ్యా. ఒక్క నిమిషం నిలబడండి."

గొయ్యి చివర గొలుసు చప్పుడు మొదలైంది.

తెరచాప గుడ్డతో రెబెక్కమ్మ కుట్టిన సంచిలో కూర్చుని, దాన్ని కొక్కేనికి తగిలించుకుని, ఒళ్ళో పానాలు పెట్టుకుని, తన గొలుసు తానే లాక్కుంటూ, మోకాళ్ళ కింద ఏమీ మిగలని సమాధానం మెల్లగా గోతిలోకి దిగాడు.