రెండో చరణంలో అపస్వరం

"ఆ పాట ఆపండి డాక్టరు గారూ, మీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు పెద్దాయన ఆపరేషన్ బల్ల మీద నుంచే.

ఆపడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు. డాక్టరు రెండు చేతులూ ఆయన కంటి మీదే ఉన్నాయి. మసకబారిన పాత కటకం బయటికి వచ్చేసింది. కొత్తది సగం లోపలికి వెళ్లింది, సగం ఇంకా బయటే ఉంది. నర్సు రెండు చేతులతో ఆయన తల పట్టుకుని ఉంది, ఎందుకంటే పాట మొదలైన దగ్గర్నుంచీ ఆ తల ఒకటే వణుకు. సహాయకుడు తర్వాతి రోగిని తీసుకురావడానికి వెళ్లాడు. మూలనున్న స్పీకరేమో ఇవేమీ పట్టనట్టు తన మానాన తాను మోగుతోంది.

గుండె బలహీనమని పెద్దాయనకు పూర్తి మత్తు ఇవ్వలేదు, కన్ను ఒక్కటే మొద్దుబారింది. రెండోది పోయి చాలా కాలమైంది. మిగిలింది ఇదే. ఇప్పుడు తల ఏమాత్రం విదిలించినా ఇదీ దక్కదు. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

జనం నోళ్లలో నానిపోయిన పాత పాటల్ని ఏరి, మాటలు తీసేసి, పెద్ద ఆర్కెస్ట్రాతో మెత్తగా వాయించిన ఆల్బం అది. గొంతు ఉండాల్సిన చోట వయొలిన్లు పాడతాయి, మధ్యమధ్య ఫ్లూటు ఊ కొడుతుంది. మాట ఒక్కటీ ఉండదు, అయినా వినేవాడి నోట్లో మాటలన్నీ ఆడుతూనే ఉంటాయి. అది మోగకపోతే డాక్టరుకు చెయ్యి ఆడదు. నర్సుకు విని విని విసుగొచ్చింది గానీ, ఇంటికెళ్లి అంట్లు తోముకుంటూ ఆవిడ తీసే కూనిరాగమూ అదే.

కదలొద్దు, మాట్లాడొద్దు అన్నాడు డాక్టరు. పెద్దాయన ఆగలేదు, పెదవులు కదిపీ కదపకుండా చెప్పుకొచ్చాడు. ఈ పాటలో తానూ వాయించాడట. రెండో వరుసలో చివరి కుర్చీ. రెండో చరణం చివర వయొలిన్లన్నీ కలిసి పైకి వెళ్లే చోట తన వేలు జారిందట, అపస్వరం పడిందట. ఆ రోజు ఎవరూ పట్టుకోలేదు, రికార్డు కాస్తా ఊరూరా అమ్ముడైపోయింది. అప్పట్నుంచీ ఆ చోటు ఎక్కడ వినపడినా షాకు కొట్టినట్టు ఎగిరిపడతాడట. బస్సులో ఈ పాట వేస్తే దారి మధ్యలో దిగిపోయేవాడట.

"నా చేతిలో లేదు డాక్టరు గారూ. అది వచ్చిందంటే ఒళ్లు అదురుతుంది. నన్ను కట్టేయండి."

కట్టేయడానికి మాత్రం చెయ్యి ఎక్కడుంది? మొదటి చరణం అయిపోవచ్చింది. నర్సు వేళ్ల కింద ఆయన కణతలు దడదడా కొట్టుకుంటున్నాయి. ఆవిడ డాక్టరు వైపు చూసింది. డాక్టరు కనుబొమల మీద చెమట పట్టింది, తుడిచే దిక్కు లేదు.

"మీ పక్కన ఎవరు కూర్చున్నారండీ?" అన్నాడు డాక్టరు ఉన్నట్టుండి.

ఎవరో కుర్రాడు, అన్నాడు పెద్దాయన. అసలు మనిషికి జ్వరమొస్తే ఆ ఒక్క రోజుకీ బదులు వచ్చాడు. ఇద్దరికీ కలిపి ఒకటే మైకు. పేరైనా అడగలేదు.

రెండో చరణం అందుకుంది. పెద్దాయన మెడ కర్రలా బిగుసుకుపోయింది. డాక్టరు గొంతు బాగా తగ్గించి, ఆయన చెవి దగ్గరకు వంగాడు.

"గురువుగారూ, మీ వేలు జారలేదు. జారింది నాది. ఆ బదులు వచ్చిన కుర్రాణ్ని నేనే."

వయొలిన్లు పైకి వెళ్లాయి. నర్సు చేతుల్లో ఆ మెడ మెల్లగా మెత్తబడింది. ఆ చోటు వచ్చింది, దాటిపోయింది, తల కదల్లేదు. కటకం వెళ్లి దాని చోట్లో అది కూర్చుంది.

"నువ్వటరా అబ్బాయ్," అన్నాడు పెద్దాయన. "అప్పుడే చెప్పలేకపోయావా? నేను వయొలిన్ అటకెక్కించేశాను కదరా."

భయమేసిందండీ, అన్నాడు డాక్టరు.

"పోనీలే. అక్కడ వేలు జారింది కాబట్టే ఇటొచ్చి డాక్టరువయ్యావు." ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. ఏడవకూడదు, కంటికి మంచిది కాదని నర్సు కసురుకుంటూ కట్టు కట్టింది. ఇంటికెళ్లగానే వయొలిన్ దింపిస్తానని, తీగలు కొత్తవి వేయించాలని తిరిగొచ్చిన సహాయకుడికి దారి పొడుగునా చెబుతూనే వెళ్లాడు పెద్దాయన.

తలుపు మూసుకున్నాక నర్సు స్పీకరు దగ్గరకు వెళ్లి ఆ పాట మళ్లీ పెట్టింది. రెండో చరణం చివర చెవి ఆనించి వింది. వెనక్కి తిప్పి ఇంకోసారి వింది.

"అపస్వరం ఎక్కడ సార్?"

"ఇన్నాళ్లుగా వింటున్నాను, నాకూ ఎప్పుడూ వినపడలేదు సిస్టర్. అసలు లేదనుకుంటా. లేదని చెబితే ఆయన నమ్ముతాడా?" డాక్టరు టోపీ, మాస్కు తీసేసి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. గుండెల మీద బరువు దిగినట్టుంది ఆయనకు.

నర్సు ఆ మొహంలోకే చూస్తూ తువ్వాలు అందించింది.

"ఆ రికార్డు మీ అమ్మానాన్నల పెళ్లికి ముందుది సార్. రేపు పొద్దున కట్టు విప్పగానే ఆయన మొదట చూసేది మీ మొహమే."