ఊరికే ఎక్కినవాళ్ళు

"ఈ పాలసీని నమ్ముకుంటే మునిగిపోతారు బాబూ."

గుమ్మంలో నిలబడే ఆ మాట అన్నాడు ముసలాయన. చేతిలో కారు ఇన్సూరెన్సు కాగితం, చెవిమీద ఎర్ర పెన్సిలు.

షిఫ్టుకి బయల్దేరబోతున్న నీలకంఠానికి చిరాకేసింది. సబ్బవరం కొత్త కాలనీకి రోజుకొకడు ఏదో ఒకటి అమ్మడానికి తయారవుతాడు.

"మాకేటీ వొద్దు. ఎల్లండి."

"అమ్మడానికి రాలేదు. లాయర్ని. నజీర్ అహ్మద్ అంటారు. మేడమ్ చూడమంటే చూశాను."

నీలకంఠం పెళ్ళాం వైపు కొరకొరా చూశాడు. హిమబిందు సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో నర్సు. బీపీ చూపించుకోవడానికి వచ్చినవాళ్ళకల్లా మామగారి చావు దగ్గర్నుంచి ఇంటి సంగతులన్నీ చెప్పకపోతే ఆవిడకి తోచదు.

"పాతటౌను నుంచి రెండు బస్సులు మారి వొచ్చేరండీ. ఫీజు కూడా వొద్దన్నారు," అంది ఆమె.

ఫీజు సంగతి తర్వాత. లాయరన్న మాట వింటేనే నీలకంఠానికి ఒళ్ళు మండుతుంది.

అతనికి పదమూడేళ్ళప్పుడు తండ్రి శ్రీరామ్మూర్తి పోర్టులో పనికి వెళ్తూ తెలిసినవాళ్ళ జీపెక్కాడు. జీపు బోల్తాపడి అక్కడికక్కడే పోయాడు. తల్లి ఆదిలక్ష్మమ్మ నష్టపరిహారం కోసం నాలుగేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది. ఆఖరికి కంపెనీ లాయరు లేచి, "ఆయన ఊరికే ఎక్కి కూర్చున్న మనిషి. కంపెనీకి సంబంధం లేదు" అన్నాడు. కంపెనీ తప్పించుకుంది. జీపువాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు.

ఆ లాయరు పేరేమిటో ఆదిలక్ష్మమ్మకి తెలీదు. ఆ ముక్క మాత్రం పోయేదాకా మరిచిపోలేదు. కంచం ముందు కూర్చున్నప్పుడల్లా, "ఆడి నోట్లో మన్నడిపోనూ!" అని తిట్టి మరీ ముద్ద ఎత్తేది.

"మీతో కారులో ఎవరెవరు వస్తారు?" అడిగాడు నజీర్.

"ప్లాంటులో నాతో పన్జేసే ముగ్గురు. అయితే ఏటి?"

"ఇది థర్డ్ పార్టీ పాలసీ. రోడ్డుమీద ఎవరికైనా తగిలితే కంపెనీ ఇస్తుంది. మీ కారులో ఊరికే ఎక్కి కూర్చున్నవాళ్ళకి పైసా రాదు." పెన్సిలు తీసి ఒక లైను కింద గీత గీశాడు.

"ఏటన్నావ్?"

మర్యాద అక్కడితో సరి.

"ఆ ముగ్గుర్లో గురువులని ఒకడున్నాడు, నాకు తమ్ముడి లెక్క. ఊరికే ఎక్కినోడా ఆడు? నల్లకోటోళ్ళందరికీ ఒకడే గురువేటి, అందరూ ఒకటే మాట! ఆ మాటతోనే కదా మా బాబు పేనానికి ఇలవ లేకుండా సేసేరు!"

ముసలాయన గోడమీద దండ వేసి ఉన్న శ్రీరామ్మూర్తి ఫోటో వైపు చూశాడు.

"తిట్టండి బాబూ. తిట్టి పాలసీ మార్చండి. కారులో కూర్చున్నవాళ్ళకి కూడా వచ్చే ఫుల్ పాలసీ తీసుకోండి."

నీలకంఠం కాగితం లాక్కుని, నాలుగు ముక్కలు చేసి ఆయన మొహాన కొట్టాడు.

"బయటికి నడు!"

ఆయన వంగి ముక్కలన్నీ ఏరుకున్నాడు. చెప్పులు వేసుకుంటూ హిమబిందుతో అన్నాడు.

"రేపే మార్చేయమ్మా. ఎల్లుండి అనుకోవద్దు."

"మంచినీళ్ళైనా ఇవ్వనేదు," అని గొణిగింది హిమబిందు.

"ఆడికి నీళ్ళు కూడానా!"

మూడు నెలలు తిరక్కుండానే ఆయనన్నంతా అయింది. ప్లాంటు గేటు రెండు కిలోమీటర్లుందనగా అడ్డొచ్చిన ఆవుని తప్పించబోయి నీలకంఠం కారు డివైడర్ ఎక్కించాడు. అందరూ చిన్న దెబ్బలతో బయటపడ్డారు, ఒక్క గురువులు తప్ప. అతని కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆస్పత్రి వరండాలో గురువులు భార్య తాయారు అడిగింది.

"ఇన్సూరెన్సు ఏటైనా వొత్తాదా అన్నా?"

చింపేసిన కాగితమే నీలకంఠం కళ్ళముందు ఆడింది. తన చెంప తనే వాయించుకోవాలన్నంత కోపం వచ్చింది.

"వొత్తాదమ్మా," అంది హిమబిందు.

అతను ఆమెని పక్కకి లాగాడు.

"పాపం, దానికి అబద్ధాలెందుకు సెప్తన్నావ్?"

"అబద్ధం కాదు. ఆయనెల్లిన మర్నాడే ఫుల్ పాలసీ తీసుకున్నాను. కారు నా పేరుమీదే ఉంది కదా. మీకు సెప్తే అరుస్తారని సెప్పలేదు."

గురువులు తరఫున కేసు వేశారు. ఈసారి కంపెనీ లాయరుకి ఆ మాట అనే వీలు లేకపోయింది. లోక్ అదాలత్‌లో రాజీకి వచ్చి పరిహారం ఇచ్చారు.

ఆ సాయంత్రమే నీలకంఠం పాతటౌను వెళ్ళాడు. కాళ్ళమీద పడదామనే వెళ్ళాడు.

ఇంటినిండా జనం. లోపల ఫాతిహా ప్రార్థన చదువుతున్నారు. నజీర్ కూతురు బుష్రా గుమ్మంలోకి వచ్చింది.

"మా అబ్బా పోయి ఇవాల్టికి నలభై రోజులు. మీరు...?"

"నీలకంఠం. సబ్బవరం."

ఆమె లోపలికెళ్ళి ఒక పాత ఫైలు తెచ్చింది.

"మీరొస్తే ఇమ్మన్నారు. రాకపోతే పంపొద్దన్నారు."

పైన, అతను చింపిన పాలసీ, గమ్ముతో అతికించి ఉంది. దాని కింద పసుపెక్కిన కోర్టు కాగితాలు. కేసు వేసినవారు: ఆదిలక్ష్మమ్మ, మైనరు కొడుకు నీలకంఠం, పదమూడేళ్ళు.

తర్వాతి కాగితం కంపెనీ వాదన. అంతా ఇంగ్లీషు. ఒక్క లైను కింద ఎర్ర పెన్సిలు గీత, పక్కన అదే పెన్సిలుతో తెలుగులో, 'ఊరికే ఎక్కి కూర్చున్న మనిషి.'

కింద కంపెనీ తరఫు న్యాయవాది సంతకం ఉంది: నజీర్ అహ్మద్.