రెండో బ్రేకు

కారెక్కిన కాసేపటికే టీచరమ్మకు ఒళ్ళు మండడం మొదలైంది.

బస్టాండుకు అన్నా వదినా కలిసే వచ్చారు. అన్న కారు దిగలేదు. టీచరమ్మే కారు దగ్గరికెళ్ళి పలకరించాక, "చిక్కిపోయావేమిటే" అన్నాడు. ఏడాదికో సైజు చొప్పున జాకెట్లు మారుస్తున్న మనిషిని పట్టుకుని ఆ మాట అనగలిగేది తోడబుట్టినవాడే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం మొదటి మలుపు దాకా కూడా నిలవలేదు.

"కొంచెం ఎడమకి," అంది ముందు సీట్లోంచి వదిన. "ఇంకొంచెం. చాలు. సైకిల్ వస్తోంది, ఆగండి. ఊఁ, పోనివ్వండి."

ఏదో జాగ్రత్త అనుకుంది టీచరమ్మ. జాగ్రత్త కాదు, జబ్బు. ఇల్లు చేరేదాకా ఆ నోరు మూతపడలేదు. గుంత ఉందంటుంది, లారీ ఉందంటుంది, నెమ్మదంటుంది. ఇంటికి దీపం ఇల్లాలు అన్నారు గానీ కారుకు హారన్ అని ఎవరూ అనలేదు. అన్న మాత్రం ఒక్క మాట ఎదురు చెప్పడు. తిప్పమంటే తిప్పుతాడు, ఆగమంటే ఆగుతాడు.

ఉండబట్టలేక అనేసింది. "వదినా, నువ్వు కాపురానికి రాకముందే మా అన్నయ్యకి డ్రైవింగ్ వచ్చు."

వదిన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "కుడికి," అంది మొగుడితో.

ఎంత పొగరు! ఆడపడుచు మాటంటే ఆవిడకు పూచికపుల్లతో సమానం.

అన్న ఒకప్పుడు వర్క్‌షాపులో ఫిట్టరు. తండ్రి పోయాక ఆ జీతంతోనే చెల్లెల్ని చదివించాడు. ఆ పాత చిన్న కారును ఏ మెకానిక్ చేతికీ ఇవ్వకుండా, ఇనుప తుక్కుతో ఎన్నిసార్లు బతికించాడో. ఊడిపోయే తలుపుకు ఇంటి గడియ బిగించాడు. చిల్లుపడ్డ సైలెన్సర్‌కు డబ్బా రేకు చుట్టాడు. అంతవరకూ ముచ్చటే.

మర్నాడు దగ్గర నుంచి చూస్తే తెలిసింది, మిగతా మార్పులన్నీ వదినగారి సేవకేనని. ఆవిడ సీటు కింద చెక్కలు పేర్చి ఎత్తు చేశాడు, మహారాణికి సింహాసనంలా. లోపలి అద్దం ఆవిడ వైపే తిరిగి ఉంది, మొహం చూసుకోవడానికి కాబోలు. హారన్ నొక్కే మీట ఆవిడ చేతి దగ్గరే ఉంది. అన్నిటికన్నా ఘోరం, ఆవిడ కాళ్ళ దగ్గర రెండో బ్రేకు. ఏ పాడుపడ్డ బండి నుంచో పెడల్ ఊడదీసుకొచ్చి, కడ్డీతో అసలు బ్రేకుకు కలిపి వెల్డింగ్ చేశాడు.

అన్నకు మిగిలింది స్టీరింగు. దానికీ నూలు తాడు చుట్టి, పైన నడిమధ్య ఓ ముడి వేసుకున్నాడు. స్పీడు చూపే ముల్లు పోతే ఆ చోట చెక్కముక్క బిగించేశాడు. బాగుచేసుకోవచ్చుగా అంటే, స్పీడెక్కువైతే మీ వదినే చెబుతుంది అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

"ఆవిడకి బ్రేకెందుకన్నయ్యా?"

"ఉంటే మంచిదని."

రోజూ తెల్లారగానే బేకరీ నుంచి దుకాణాలకు రొట్టెలు వేసి రావడం అన్న పని. వదిన అక్కడికీ తోకలా తయారు. కారు మానేసి ఏదైనా కూర్చునే పని చూసుకోమంది టీచరమ్మ. మా పొయ్యి వెలిగేది దీనిమీదేనే అన్నాడు. అయితే ఆవిణ్ణయినా ఇంట్లో ఉండమను అంది. అన్న మాట మార్చి, కాఫీ తాగుతావా అన్నాడు.

ఉన్నన్నాళ్ళూ పళ్ళు నూరుతూనే ఉంది. తనను ఇంతదాన్ని చేసిన మనిషి, పెళ్ళాం చేతిలో కీలుబొమ్మయి పదిమందిలో నవ్వులపాలవుతున్నాడు. అన్న పరువు నిలబెట్టకపోతే తాను చెల్లెలే కాదు. క్లాసునంతా ఒక్క చూపుతో కూర్చోబెట్టే తనకు ఈ వదిన ఓ లెక్కా?

తిరుగు ప్రయాణం నాటి ఉదయం, వదిన చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు రావద్దు వదినా. ఈ ఒక్కసారి మా అన్నయ్యని మనిషిలా కారు నడపనివ్వు."

వదిన మొహం పాలిపోయింది. నేను లేకపోతే కుదరదంది. ఎందుకు కుదరదో చెప్పమంటే మొగుడి వైపు చూసింది. పోనీ ఆటోలో వెళ్ళమంది. ఆ మాటతో టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాచుకున్నదంతా కక్కేసింది. పెత్తనం, సింహాసనం, అద్దం, బ్రేకు, ఒక్కటీ వదల్లేదు. మా అన్నయ్యని బతికుండగానే బొమ్మని చేశావంది. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు మెదపలేదు. ఊరుకుందంటే తప్పు ఒప్పుకున్నట్టేగా.

"పోనీలే, చెల్లెలేగా," అన్నాడు అన్న భార్యతో. "తననే కూర్చోనీ."

పొద్దుటి ఎండ వాకిలంతా పరుచుకుని ఉంది. టీచరమ్మ యుద్ధం గెలిచినట్టు వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అన్న ఇంజను స్టార్ట్ చేశాడు. వదిన గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"హాయిగా ఉంది కదూ అన్నయ్యా. ఇక నిన్ను అదిలించేవాళ్ళు లేరు. పోనివ్వు."

నాలుగడుగుల దూరంలో, సరిగ్గా ఎదురుగా, గేటు బార్లా తెరిచి ఉంది.

కారు కదల్లేదు. అన్న రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగానే చూస్తూ మెల్లగా అడిగాడు.

"గేటు తీసుందా, వేసుందా, చూసి చెప్పవే చెల్లాయ్."