చల్లబడ్డ పాదాలు

"కదలకే, అరికాల్లో సూది విరిగి ఉంది!" అంది తల్లి, కూతురి పాదం ఒళ్లోకి లాక్కుని.

కుట్టుమిషను ముందు కూర్చున్న కూతురు నవ్వింది. "షుగరున్నవాళ్లు రోజూ పాదాలు చూసుకోవాలని డాక్టరమ్మ ఏ ముహూర్తాన చెప్పిందో గానీ, నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చీ రాగానే మళ్లీ నా కాళ్లే పట్టుకున్నావు!"

"ఇంట్లోనూ చెప్పులేసుకోమంది. విన్నావా?"

"వట్టికాలితో తొక్కితేనే మిషను మాట వింటుందమ్మా."

తల్లి ఊపిరి బిగబట్టి సూది లాగింది. వెంటే చీము వచ్చింది. కూతురు లంగా అంచు మడుస్తూనే ఉంది.

"తీశావా?"

"నొప్పి పుట్టలేదుటే?"

"లేదే! మొన్నటిదాకా మంటలు, మంటలని నీ ప్రాణం తీశానుగా. ఇప్పుడవీ లేవు. అంతా నువ్వు రాసిన నూనె మహిమ!"

తల్లి చీము అంటిన సూది వంక చూసింది. మంటలు తగ్గాయని ఇరుగుపొరుగుకంతా చెప్పుకుంది. పాదాల్లో ప్రాణం పోతుంటే జబ్బు నయమవుతోందని మురిసిపోయింది.

రెండో పాదం అందుకుని గోటితో గిచ్చింది. పళ్లు బిగించి ఇంకా గట్టిగా గిచ్చింది.

"అబ్బా అనవే. ఒక్కసారి అను తల్లీ."

కూతురు దారం కొరికి కిందికి చూసింది.

"ఎందుకూ? ఏం చేస్తున్నావమ్మా?"