గట్టిగా

"పాలు తర్వాత తెద్దురుగానీ, ముందు నాతో రండి," అంది భార్య.

చొక్కా తొడుక్కుని గుమ్మం దాటబోతున్న అతను ఆగిపోయాడు. ఆమె ఒక చేతిలో మూడు చీటీలున్నాయి. రెండో చేత్తో పాప చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి?"

"ఇరుగుపొరుగు ఇళ్ళకి. రేపు పిల్లని తీసుకెళ్ళి ఆ హాస్టల్ బడిలో వదిలేస్తున్నాంగా. ఇన్నాళ్ళూ ఇబ్బంది పెట్టినందుకు క్షమించమని ఒక్క మాట చెప్పొద్దాం."

"ఎవరు రాశారో ఏమో! ఆదివారం పూట ఇప్పుడెందుకే అవన్నీ తవ్వుకోవడం?"

"ఎవరు రాస్తేనేం? అందరికీ చెప్తా. ఇక సిగ్గుపడి దాచుకోడానికి ఏం మిగిలిందని?"

నెల రోజుల్లో మూడు చీటీలు. మూడూ అతను పనికి వెళ్ళాక తలుపు కింద కనిపించినవే. 'మీ పాప గెంతులు ఆపండి' అని మొదటిది. 'మేమూ మనుషులమే, మాకూ ప్రశాంతత కావాలి' అని రెండోది. మూడోది మరీ దారుణం. 'ఇలాంటి పిల్లలకు వేరే బళ్ళుంటాయి.' అది చదివిన రోజు ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. "నలుగురితో గొడవెందుకు?" అని మాత్రం అన్నాడతను. పంపేద్దాం అన్న మాట అతని నోట రాలేదు. ఆమే అంది, ఏడుస్తూ.

పాపకు ఆరేళ్ళు. ఆటిజం అన్నారు డాక్టర్లు. మిక్సీ చప్పుడు వింటే చెవులు మూసుకుని నేలమీద పడి దొర్లుతుంది. గౌను మెడ వెనక చిన్న లేబుల్ ఉన్నా సూదిలా గుచ్చుకుంటుంది. అలాంటి పిల్ల, సాయంత్రమయ్యేసరికి మంచం ఎక్కి నేలమీదకి దబదబా దూకుతుంది. ఒకటి కాదు, రెండు కాదు, నలభై సార్లు. సెలవు రోజైతే పొద్దున్నుంచే. అలా దూకితేనే తన ఒళ్ళు తనకి స్థిమితపడుతుందట. దూకడం అయ్యాక, తనకున్న పది మాటల్లో ఒకటి బయటికొస్తుంది. "గట్టిగా!"

అంటే గట్టిగా హత్తుకోవాలి. పక్కటెముకలు నలిగేంత గట్టిగా. దానికి ముందు తనిఖీ ఉంటుంది. నాన్న జేబులో పెన్ను, బస్సు టిక్కెట్టు, ఆఖరికి చిన్న కాగితమ్ముక్క ఉన్నా తనకి గుచ్చుకుంటుంది. ఒక్కొక్కటే తీసి అమ్మ చేతిలో పెట్టాకే కౌగిలి. ఏ పోలీసూ అంత శ్రద్ధగా జేబులు వెతకడు.

ఆ పొద్దున "గట్టిగా" అంటూ వస్తే, అతను చెప్పులు వెతుక్కునే వంకతో తప్పుకున్నాడు. రేపు వదిలేసి రాబోయే పిల్లని ఏ ముఖం పెట్టుకుని హత్తుకుంటాడు?

ఎదురింటి నర్సు రాత్రి డ్యూటీ చేసి వచ్చి, అప్పుడే నడుం వాల్చినట్టుంది. కళ్ళు నలుపుకుంటూ తలుపు తీసింది. చీటీలు చూసి నవ్వేసింది.

"భలేదానివే అక్కా! సాయంత్రం పాప దూకుడే నాకు అలారం. అది విన్నాకే లేచి డ్యూటీకి తయారవుతా."

పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ నొచ్చుకుంది. "నా మిషను చప్పుడుకి పాప చెవులు మూసుకోవడం మెట్లమీద చూశాను వదినా. అందుకే అది బడి నుంచి వచ్చే వేళకి మిషను ఆపేస్తున్నా. నేనెందుకు రాస్తాను చెప్పు?"

అతను తలెత్తలేదు. "చాల్లే, ఇంటికి పోదాం పద," అన్నాడు భార్యతో. ఆమె వినిపించుకోలేదు.

ఇక మిగిలింది కింది వాటా ముసలాయన. పలకరిస్తే పలికే రకం కాదు. ముక్కుమీద కోపం. పైగా సరిగ్గా పాప మంచం కిందే ఆయన గది. రాస్తే ఈయనే రాసి ఉండాలి. ఆమె చీటీలు ముందుకు చాపి పట్టుకుని తలుపు కొట్టింది.

"బాబాయిగారూ, మా పాప వల్ల మీకు చాలా ఇబ్బంది... రేపు హాస్టల్ బడికి పంపేస్తున్నాం..."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒక్కో చీటీ చదివాడు. ముఖం జేవురించింది. "ఎవడమ్మా ఇది రాసింది? మనిషేనా వాడు?"

అతను గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"మూడేళ్ళుగా మా ఆవిడ మంచంలోనే ఉంది. సాయంత్రం పైన దబదబలు మొదలైతే వేళ్ళు ముడుస్తూ లెక్కపెడుతుంది. నలభై అవగానే 'పిల్ల కుదురుకుందండీ, ఇక టీ ఇవ్వండి' అంటుంది. మొన్న జ్వరమొచ్చి పాప దూకలేదు చూడూ, ఆ రోజు టీ ముట్టలేదు." ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. "తండ్రివి, నువ్వే ఇలాంటివాటికి జడిస్తే ఎలాగయ్యా? పిల్లని ఎక్కడికీ పంపకు."

నేల చీలి తనని మింగేస్తే బాగుండు అనిపించిందతనికి.

ఇంటికి రాగానే ఆమె హాస్టల్ కాగితాలు తీసి బీరువా మీదకి విసిరేసింది. "రేపు ఎక్కడికీ వెళ్ళట్లేదు. రాసినవాళ్ళకి లేని సిగ్గు మనకెందుకు?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. రోజంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మిషను ముందు నిలబడి, దిమ్మెక్కిన తలతో ఇల్లు చేరిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. లోపలి గదిలో దబ్బుమంది. మొదటిసారి అతనూ లెక్కపెట్టాడు. నలభై.

పాప చెమటలు కక్కుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. "గట్టిగా!"

అతని కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇంకేదీ గుర్తురాలేదు. రెండు చేతులూ చాపాడు.

ఎప్పటిలాగే పాప ముందు నాన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి, పొద్దున తలుపు కింద తోయడానికి వీలుపడని నాలుగో చీటీ తీసి, అమ్మ చేతిలో పెట్టింది.