మెహబూబీ నింపిన సీసా

“ఈ ఊరి బోరింగు నీళ్లు పరీక్ష చేయించాం. ఏ దోషమూ లేదు. భూమిలో ఉన్న యురేనియం నీళ్లలో కలవడం లేదన్నమాట. కాబట్టి దానికోసం అడవిలో బోర్లు వేసి చూసినా ఎవరికీ నష్టం లేదు” అని హైదరాబాద్ నుంచి వచ్చిన ఆఫీసరు మైకులో రిపోర్టు చదివాడు.

షామియానా కింద ఆడవాళ్ల వరసలో కూర్చున్న మెహబూబీ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఊరు మొత్తానికి తీసుకుపోయింది ఒక్క సీసా. ఆ సీసా నింపింది తనే.

నెల కింద, బోరింగు పక్కనే ఉన్న ఆమె చాయ్ హోటల్ ముందు, పరీక్షకు నీళ్లు పట్టుకుపోవడానికి జీపు ఆగింది. నీళ్లు చెడ్డవని తేలితే సర్కారోళ్లు బోరింగుకు ఎర్ర రంగు పూస్తారు. పక్క ఊళ్లో పూశారు. ఎర్ర బోరింగు పక్కన చాయ్ ఎవడు తాగుతాడు? బిడ్డ చదువేం కావాలి? అంతే, “మీరు చాయ్ తాగుండ్రి సార్, నేను పట్టుకొస్త” అని సీసా అందుకుని, చాయ్ కోసం వాగు ఇసుకలో తవ్విన చెలిమ నుంచి మోసుకొచ్చిన కుండలో ముంచి ఇచ్చింది.

“అమ్మీ, మన బోరింగు నీళ్లతోని అన్నం వండితే పచ్చగైతది. గీళ్లేమో మంచిగున్నయంటుండ్రు. నేను లేచి అడుగుత” అంది పక్కనున్న కూతురు సిద్రా.

“కూసో! పోలీసోళ్లు పేరు రాసుకుంటరు. పది పరీక్ష గూడ రాయనియ్యరు.”

ఈలోగా ముసలి వెంకటయ్య వంగని కాళ్లతో లేచాడు. “సార్, గా నీళ్లు తాగే నా మోకాళ్లు గిట్లయినయి.”

“పెద్దాయనా, ఈ వయసులో మోకాళ్లు ఎవరికి వంగుతాయి? మెషీన్ చెప్పింది తప్పంటావా?”

జనం నవ్వారు. వెంకటయ్య కుర్చీ పట్టుకుని, కాళ్లు చాపుకునే కూలబడ్డాడు. రోజూ తెల్లారి మెహబూబీ చేతి మొదటి చాయ్ ఆయనదే. ఆమె తల ఎత్తలేకపోయింది.

“ఇంకెవరూ లేరా? అయితే ఊరికి అభ్యంతరం లేదని రాస్తున్నాం.”

రాసేస్తారు. అడవిలోకి మిషన్లు వస్తాయి. ఆ చెలిమ కూడా పాడవుతుంది. పుట్టబోయే పిల్లలు సైతం వెంకటయ్యలాగే నడుస్తారు. చెబితేనో, జైలు. సిద్రాకు ఎవరు దిక్కు? ఆలోచన తెగకముందే ఆమె కాళ్లు లేచి నిలబడ్డాయి.

“తప్పు నాది సార్. సీసల పోసింది బోరింగు నీళ్లు కాదు. చెలిమ నీళ్లు.”

జనమంతా ఆమె వైపు తిరిగారు.

“నీ చాయ్ గిరాకీ కోసం మా అడివంత అమ్మినవా మెహబూబీ?” వెనక వరసలోంచి బాలనాగమ్మ అరిచింది.

“అమ్మినక్కా. ఇంక దాస్త లేను. సార్, మీ కాల్మొక్త, మల్ల నీళ్లు తీస్కపోండ్రి. నన్నేం జేస్తరో చేయండ్రి.”

అప్పటిదాకా పట్టుకుని ఉన్న తల్లి కొంగును సిద్రా వదిలేసింది.

ఆఫీసరు పక్క కుర్చీలో ఉన్న, బోర్లు వేసే కంపెనీ మనిషి వైపు చూశాడు. కంపెనీ మనిషి వాచీ చూసుకున్నాడు. “నోట్ చేసుకున్నాం, కూర్చోమ్మా” అన్నాడు ఆఫీసరు.

ఆమె కూర్చోలేదు. ఎలాగూ జైలుకు తీసుకుపోతారని తనే పోయి జీపు పక్కన నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకోసాగింది.

జీపు డ్రైవరు దావూద్ అటూ ఇటూ చూసి దగ్గరకొచ్చాడు.

“ఇంటికి పో ఆపా. నిన్నెవ్వరూ పట్టుకపోరు.”

“నా ఒక్క సీసతోని గింత పనయింది బాయ్!”

“నీ సీసతోని ఏం గాలే” అన్నాడతను గొంతు తగ్గించి. “నీళ్ల కోసం నేను మీ ఊరికొచ్చిన దినమే, గా రిపోర్టు అచ్చయి నా ఎనుక సీట్ల ఉండె.”