ట్యాంకు మీద గూడు

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడాది, డిసెంబరు నెల.

"ఆ కొక్కెం పనికిరాదు బాబూ," అన్నాడు సత్యానందం మూడోసారి.

తాడు చుట్ట విప్పుతూ ఫణికుమార్ నవ్వాడు. బందరు కాలేజీ పిల్లలకు కొండలెక్కడం నేర్పే మాస్టారతను. దివిసీమలో కొండలెక్కడివి? అందుకే హంసలదీవి దారిలో వాడకుండా వదిలేసిన మంచినీళ్ల ట్యాంకు దగ్గర నేర్పుతున్నాడు. పైనున్న ఇనుప కొక్కేనికి తాడు కట్టి, దాని ఆసరాతో పిల్లలు స్తంభం ఎక్కాలి.

"మొన్నే పంచాయతీవాళ్లు చూశారు తాతగారూ. రంగు కూడా వేశారు."

"రంగే ఏశారు. లోపలంతా ఉప్పుగాలి తినేసింది."

"మా వందన యాభై కేజీలు కూడా ఉండదులెండి."

"నలభై ఎనిమిది సార్!" అంది వందన. పిల్లలంతా నవ్వారు.

 సత్యానందం ఈ ట్యాంకుకు పద్దెనిమిదేళ్లు వాచ్‌మన్‌గా చేశాడు. ఇప్పుడు బాతులు మేపుకుంటున్నాడు. నిన్న సర్పంచికీ చెప్పాడు. "మూడో క్లాసు చదివినోడివి, నువ్వేమన్నా ఇంజనీరువా?" అన్నాడాయన.

వందన నడుముకు బెల్టు బిగించుకుంటోంది. ముందు ఎక్కేది ఆ పిల్లే. అరవై అడుగుల ఎత్తు. కింద సిమెంటు గచ్చు. 

ఫణికుమార్ తాడు తీసుకుని ట్యాంకు మెట్లెక్కాడు.  సత్యానందం ఎత్తిన తల దించలేదు.

ఫణికుమార్ తాడుతోనే తిరిగొచ్చాడు.

"బెల్టు తీసెయ్ వందనా. కొక్కెం చుట్టూ గూడుంది. రెండు గుడ్లున్నాయి."

"కాస్త పక్కకి జరిపేద్దాం సార్! ఇంత దూరం వచ్చాం."

"నిన్న ఇక్కడే గంటసేపు ఏం చెప్పాను? గూడున్న చోట ఎక్కం. దాని మీద చెయ్యేస్తే కేసవుతుంది, జైలుక్కూడా వెళ్లాలి." సత్యానందం వైపు తిరిగాడు. "ఏం పక్షిదండీ అది?"

"ఏమోనండీ. పెద్దదే."

"దాని పిల్లలు ఎగిరిపోయేదాకా ఎవర్నీ ఎక్కనివ్వకండి. మీదే బాధ్యత."

"అట్టాగేనండీ." కండువాకు అంటుకున్న గడ్డిపరక దులుపుకున్నాడు సత్యానందం.

పిల్లల వ్యాను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే సుత్తి పట్టుకుని పైకెక్కాడు. ఒక్క దెబ్బకే కొక్కెం విరిగి చేతికొచ్చింది. దాన్ని పంచాయతీ ఆఫీసు మెట్ల మీద పెట్టి ఇంటికి నడిచాడు.

గూట్లోని బాతుగుడ్లు రెండూ భార్య చేతికిచ్చాడు.